పేరు పాతదే, ఆట వేరు

చిన్నప్పుడు అన్నయ్యా నేనూ కంప్యూటర్లో ఒక రాజ్యం ఆట ఆడేవాళ్ళం. పొలాలు వేయించి, కోట కట్టి, సైన్యాన్ని పోగుచేసేసరికి సెలవు రోజంతా అయిపోయేది. ఈ రోజు మధ్యాహ్నం అన్నయ్య ఆకివీడు నుంచి ఏలూరులోని మా ఇంటికి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఆ ఆటనే మళ్ళీ కొత్తగా తీసుకొచ్చారట.

పేరు అదే, కోట బొమ్మ అదే. కానీ ఆట మొదలవగానే నా చేతిలో తుపాకీ పెట్టారు. పొలం వేయడానికి ఎక్కడ నొక్కాలో వెతుకుతుంటే, ఈలోగా నన్ను నాలుగుసార్లు కాల్చి చంపారు.

"ఇది మన ఆట కాదన్నయ్యా. పాత పేరు చూపించి మనలాంటివాళ్ళకి అంటగడుతున్నారు," అన్నాను.

"కాలంతో పాటు ఆటా మారుతుందమ్మా. మన పెద్దచేను చేపల చెరువైపోలేదా? ఇప్పటికీ పెద్దచేననే కదా అంటున్నాం," అన్నాడు.

"అది చెరువు చేసేటప్పుడూ నన్నెవరూ అడగలేదు."

అన్నయ్య లాప్‌టాప్ మూసేశాడు. కాఫీ తాగి వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "అప్పుడు నిన్నూ అడగాల్సిందమ్మా," అన్నాడు.

ఆ ఆటని నేను ఎలాగూ నమ్మను. అన్నయ్య మాట నమ్మాలనే ఉంది. కానీ ఇన్నేళ్ళకి ఆ మాట ఊరికే వచ్చిందా, లేక ఆ చేను కాగితాల మీద నా సంతకం అవసరం పడిందా అని సాయంత్రం నుంచీ ఆలోచిస్తున్నాను. అన్నయ్యలున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి.