కత్తెర పిన్ని కొట్టు బోర్డు

మా కత్తెర పిన్ని జాకెట్టు కుట్టిందంటే ఏనుగుకైనా నడుము కనబడాల్సిందే. కొలతలు ఆమెవే, కుట్టు ఆమెదే, ఆలస్యమైతే తిట్లు తినేదీ ఆమే. బోర్డు మీద మాత్రం బాబాయి పేరు. ఆయన ఆ కొట్లోనే ఓ మూలన ఇస్త్రీ చేస్తాడు, అంతే.

ఇన్నేళ్లూ పట్టని ఆ బోర్డు పిన్ని కంట్లో నలుసైంది మధ్యాహ్నం సీరియల్ వల్లే. అందులో రాజుగారికి మీసం, గుర్రం, కోట అన్నీ పాతకాలానివే. బుద్ధి మాత్రం ఈ కాలంది. రాణి చెయ్యి పట్టుకోవాలన్నా ముందు అడుగుతాడు. నిండు సభలో పరాయి రాజులు "తమరెవరు?" అంటే, "ఈవిడ భర్తను" అన్నాడు! ఆ ముక్కకి మా వీధిలో మిషన్లు, మిక్సీలు, ఆఖరికి కుళాయిలు కూడా ఆగిపోయాయి.

"విన్నావా? రేపు కొత్త బోర్డు రాయిస్తున్నావుగా, నా పేరు పెట్టించు," అంది పిన్ని.

"జనం నవ్వుతారే! అయినా వాడూ ఒక రాజేనా, సిగ్గులేనోడు," అంటూ బాబాయి టీవీకి వీపు తిప్పేశాడు.

"సరే, బోర్డు మీద పేరున్నాయనే కుట్టుకుంటాడు." పిన్ని కత్తెర బీరువాలో పెట్టి తాళం బొడ్లో దోపుకుంది.

మర్నాడు పిన్ని చేతులు కట్టుకుని సీరియల్ చూస్తోంది. రాణి అలిగి తలుపేసుకుంది. లక్షమంది సైన్యం ఉండీ, రాజు తలుపు విరగ్గొట్టలేదు. గడప బయట చతికిలబడి, "మీరు తీసేదాకా ఇక్కడే ఉంటాను," అన్నాడు. ఇంతలో కమురు వాసన! చూస్తే బాబాయి టీవీ వైపు తిరిగి నోరు తెరిచేశాడు. ఇస్త్రీపెట్టె కింద బ్యాంకు మేనేజరు చొక్కా పొగలు కక్కుతోంది.

"ఎప్పట్నుంచి చూస్తున్నావయ్యా?"

"చూళ్లేదే, మొదట్నుంచీ వింటున్నా. ఇంతకీ ఆవిడ తలుపు తీస్తుందంటావా?"

"దాని సంగతి దేవుడెరుగు, ఈ చొక్కా సంగతి చెప్పు."

బాబాయి చెమట తుడుచుకుని, చొక్కా రెండు చేతులా పట్టుకుని, "మహారాణీ, తమకేం కావాలో సెలవియ్యండి," అన్నాడు. పిన్ని నవ్వాపుకోలేక కత్తెర తీసింది. ఎడమవైపు జేబుకి జోడీగా, కుడివైపు కాలినచోట ఇంకో జేబు కుట్టేసింది. మేనేజరు అదేదో కొత్త ఫ్యాషననుకుని వీధంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు.

సాయంత్రం బోర్డు రాసేవాడొచ్చాడు. బాబాయి పిన్ని పేరు చెప్పి, "పైన పెద్దక్షరాలతో రాయి. కింద చిన్నగా ఇస్త్రీ అని రాయి," అన్నాడు.

"ఇస్త్రీ పక్కన ఏం పేరు రాయమంటారు?"

బాబాయి మీసం దువ్వాడు.

"ఈవిడ భర్త అని రాయి."