సబ్బునీళ్లూ, నాన్న చెవీ

నాన్నకి ఊపిరితిత్తుల జబ్బు, చూసే డాక్టరు కలకత్తాలో ఉంటాడు. నెలకోసారి వెళ్లాలి. స్టేషన్ మెట్లు ఎక్కలేకపోతున్నాడని ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. కిటికీ దించితే దుమ్ముకి దగ్గు, మూస్తే ఉక్క. ఏసీ ఒక్కటే దిక్కు. ఆ ఏసీకేమో ఒక తిక్క. చదునైన రోడ్డు మీద చల్లగాలి ఒంటికి తగిలేది, వంతెన ఎక్కగానే ముందు అద్దం మీదికి పోయేది. కిందటి నెల దారిలో కోలాఘాట్ వంతెన దాటేసరికి ఊపిరాడక నాన్న పెదవులు నల్లబడ్డాయి. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. దీని సంగతి తేల్చకుండా ఆయన్ని మళ్లీ ఈ కారెక్కించనని ఒట్టు పెట్టుకున్నాను.

బెంగాలీ మెకానిక్ దాదా "గ్యాస్ ఖతం, దీదీ" అంటూ రెండుసార్లు గ్యాస్ నింపాడు. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గాలి గానీ గాలి దారెందుకు మారుతుంది? నేనే కూర్చుని చదివాను. గాలిని మనవైపు తిప్పే చిన్న తలుపును ఇంజిన్ గాలి పీల్చే బలమే సన్నటి గొట్టాల గుండా లాగిపట్టి ఉంచుతుందట. గొట్టానికి ఎక్కడైనా లీకుంటే, ఎత్తు ఎక్కేటప్పుడు అసలే తగ్గే ఆ పీల్పు చాలక తలుపు అద్దం వైపు తిరిగిపోతుంది.

లీకులు పట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య. రైల్వే వర్క్‌షాపులో ఎయిర్ బ్రేకుల సెక్షన్ నాది. సబ్బునీళ్లు పూస్తే బుడగ లేచిన చోటే లీకు. ఆదివారం పొద్దున్నే క్వార్టర్ ముందు బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్ చేసి, ప్రతి గొట్టానికీ నురగ పూశాను. ఒక్క బుడగ లేవలేదు. మళ్లీ పూశాను. మూడోసారీ పూశాను. కుర్తా తడిసి ముద్దయింది గానీ నా పట్టు సడలలేదు.

వరండాలో కూర్చుని చూస్తున్న నాన్న ఇక ఆపుకోలేక నవ్వాడు. అదే వర్క్‌షాపులో, వాక్యూమ్ బ్రేకుల కాలంలో ఆయన ఫిట్టరు.

"ఏటమ్మా, బుడగల కోసం సూస్తన్నావా? మీ ఎయిర్ బ్రేకు గాలిని బయటికి తోస్తాది. ఇది మా వాక్యూమ్ బ్రేకులాగ లోపలికి పీలుస్తాది. బుడగెలాగొస్తాది?"

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "మరేటి సెయ్యమంటావు నాన్నా?"

"నురగెక్కడ మాయమవుతాదో నువ్వు సూడు. నేను ఇంటాను."

ఆయన కుర్చీ తెచ్చి బానెట్ పక్కన వేశాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను బ్రష్షుతో అంగుళం అంగుళం పూసుకుంటూ పోయాను. గొట్టం ఇంజిన్ వెనక రేకులోంచి కారు లోపలికి దూరే చోట "ఆగు" అన్నాడు. "బుస్సుమనే సప్పుడు ఆగిపోనాది."

నా కళ్ల ముందే నురగ లోపలికి పోయింది. తిప్పి చూస్తే, రేకు అంచు ఒరుసుకుని గొట్టానికి గోరంత చీలిక. కొత్త గొట్టం వేసి, ఆ అంచుకి రబ్బరు తొడిగాను.

తర్వాతి వారం కలకత్తా బయలుదేరాం. మొదటి వంతెన ఎక్కుతుంటే ఏసీ గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూశాను. గాలి దారి మారలేదు, నాన్న ఛాతీ మీదే ఉంది. కోలాఘాట్ దగ్గర పక్కకి చూస్తే నిద్రపోతున్నాడు, నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ. నాన్న అలా పడుకోవడం చూసి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు రాలేదు.