ఎడ్లు లేని ఏరువాక

నిన్న జగదల్‌పూర్ హోటల్‌లో గోడకు అలంకారంగా తగిలించిన కాడిని చూసి అన్నం వదిలేసి లేచి వచ్చేశాను. నా ఈడువాళ్ళారా, రాజుల కాలంలో రోగమొచ్చి ఎడ్లన్నీ చచ్చిన ఏడు గుర్తుందా?

ఉసూర్ దగ్గర మా ఊళ్ళో అందరూ కూర్చుని వంతులు వేసుకున్నారు. రోజుకో ఇంటి పొలం, నాగలి లాగేది మనుషులే. నాన్న అందరి పొలాల్లోనూ లాగాడు. భుజం పుండుపడితే అమ్మ ఇప్పనూనె రాసేది. మా వంతు వచ్చిన రోజు తెల్లారేసరికి జ్వరంతో పోయాడు.

ఊరి పెద్ద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మబ్బు పట్టింది చెల్లె. ముందు పొలం దున్నుతం. బావను తర్వాత తీస్కపోతం."

అమ్మ చాలాసేపు నాన్న పక్కనుంచి కదల్లేదు. చివరికి లేచి, "ఆయన జాగల నేను కాడి పడుత అన్నా" అంటూ వెళ్ళి కాడి కింద భుజం పెట్టింది.

వాళ్ళ వెనక నేను వడ్లు చల్లాను. చినుకులు మొదలయ్యాక నాన్నను తీసుకెళ్ళారు.