గంటమ్మకు జరిగిన సన్మానం

లాండ్రీలో ఆవిరి హోరును కూడా దాటుకుని ఆమె గొంతు వీధి మలుపు దాకా వినపడేది. అందుకే అందరూ గంటమ్మ అన్నారు. అసలు పేరుతో పిలిచే మనిషి తల్లి ఒక్కతే, ఆమె ఎప్పుడో పోయింది. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో వేడి రోలర్ల దగ్గర గంటమ్మ పని. ఒక పక్క నుంచి తోడికోడలు తడి దుప్పటి అందిస్తే, రెండో పక్క గంటమ్మ ఆరిన దాన్ని అందుకుని మడతపెట్టేది.

ఒకరోజు దుప్పటి ఎర్రగా వచ్చింది.

తోడికోడలి చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. మేస్త్రీ యంత్రం ఆపి, ముందు దుప్పటి లాగి చూశాడు. "ఈ మరక ఇంక పోతుందా?" అన్నాడు.

చేతులు లోపలికి పోకుండా రోలర్లకు అడ్డంగా ఒక కడ్డీ పెట్టిస్తే చాలు. అది అడగడానికే ఆడవాళ్ళంతా కౌన్సిలరు ఇంటికి వెళ్ళారు. ఆయన గోళ్ళు తీసుకుంటూ తలెత్తకుండా విన్నాడు.

"మీ ఇంట్లో ఓటు ఎవరిదమ్మా?"

"మా ఆయనదండీ."

"అయితే ఆయన్ని రమ్మను. ఓట్లున్నవాళ్ళ పనులకే నాకు తీరిక చాలటం లేదు."

చెయ్యి పోయింది సొంత తమ్ముడి భార్యకే అయినా గంటమ్మ భర్త కదల్లేదు. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తే ఇవన్నీ రావు" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ వారమే గంటమ్మ ఓటు హక్కు కోసం కొట్లాడే ఆడవాళ్ళలో కలిసింది. వాళ్ళ పెద్ద ఒక టీచరమ్మ. చదువుంది, గొంతు లేదు. గంటమ్మ సందు మొగలో బల్లెక్కి నిలబడితే జనం ఆగిపోయేవాళ్ళు. తిట్టడానికి ఆగినవాళ్ళూ నవ్వి వెళ్ళేవాళ్ళు.

"నువ్వు ఓటెయ్యడానికి పోతే మీ ఆయనకి వంటెవరు చేస్తారే?" అని ఒకడు అరిచాడు.

"పొయ్యి మీద నీళ్ళు మరిగేలోపు వేసొస్తాను నాయనా. ఆ కాస్తకే ప్రాణం పోయేట్టయితే మా ఆయనకి కావాల్సింది పెళ్ళాం కాదు, డాక్టరు!"

ఇంట్లో మాత్రం నవ్వులు లేవు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని అత్తగారు పళ్ళు కొరికేది. భర్త కంచం విసిరికొట్టేవాడు. పలకాబలపం పట్టుకున్న ఆరేళ్ళ కూతురు మూలన నక్కి చూసేది.

శాసనసభ గేటు ముందు కూర్చున్న రోజు అందరినీ పట్టుకుపోయారు. టీచరమ్మ తండ్రి లాయరు, ఆమె సాయంత్రానికే ఇంటికి వెళ్ళింది. గంటమ్మకు జైలు పడింది. లోపల తిండి మానేసింది. బలవంతంగా గంజి పొయ్యడానికి డాక్టరు రబ్బరు గొట్టంతో వచ్చాడు. నలుగురు కాళ్ళూ చేతులూ అదిమిపట్టారు. ముక్కులోంచి తోసిన గొట్టం దారి తప్పి ఊపిరి గొట్టంలో దిగింది. ఆమె నీలంగా మారితే లాగేసి, దాన్ని తుడుచుకుంటూ, "వీధుల్లో మోగింది ఈ గొంతేనా?" అని నవ్వి మళ్ళీ తోశాడు. రోజూ అదే. విడిచిపెట్టేనాటికి ఆమె గొంతులో గరగర తప్ప మాట లేదు.

ఇంటికి వస్తే కూతురు లేదు.

"తండ్రి బిడ్డ, తండ్రి ఇష్టం. చట్టం అలాగే ఉంది. నేను రాశానా ఏం?" అన్నాడు భర్త.

పిల్లను పొరుగూళ్ళో తన అక్క దగ్గర ఉంచాడు. గంటమ్మ అక్కడికి వెళితే ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వాళ్ళమ్మ పోయిందని పిల్లకి చెప్పాం. ఏడ్చి ఏడ్చి ఇప్పుడిప్పుడే తేరుకుంది. చచ్చినావిడ వచ్చి ఎదురుగా నిలబడితే జడుసుకోదూ?"

పెరట్లో పిల్ల తాడాట ఆడుతోంది. వీపు కనబడుతోంది. గంటమ్మ ఉన్న బలమంతా పెట్టి పిలిచింది. బూడిద ఊదినట్టు గాలి వచ్చింది. పిల్ల వెనక్కి తిరగలేదు. తలుపు పడింది.

కొన్నేళ్ళకు ఆడవాళ్ళకు ఓటు వచ్చింది. గంటమ్మ ఉతికిన చీర కట్టుకుని వరసలో నిలబడింది. జైలుకెళ్ళినవాళ్ళకు ఓటు లేదని గుమస్తా పక్కకు జరగమన్నాడు. ఆమె వెనకే ఉన్న టీచరమ్మ ఓటు వేసి, తల దించుకుని బయటికొచ్చింది.

ఇంకా చాలా ఏళ్ళకు, ఊరికి మొదటి మహిళా మేయరు వచ్చాక, ఓటు కోసం పోరాడిన స్త్రీలకు సన్మానం పెట్టారు. గంటమ్మను వేదిక మీద కూర్చోబెట్టి పూలగుత్తి చేతికిచ్చారు. రెండు మాటలు చెప్పమని మేయరు మైకు వంచింది.

"నాకింకా ఓటు లేదమ్మా" అంది గంటమ్మ.

గరగర తప్ప సభకు ఏమీ వినపడలేదు. పక్కనే ఉన్న మేయరుకు వినపడింది. ఆమె ముఖం ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత మైకు తన వైపు తిప్పుకుని, "ఆనందంతో ఆవిడకి మాట రావడం లేదు" అంది. చప్పట్లు మోగాయి.

సభ అయ్యాక ఒక నడివయసు స్త్రీ దగ్గరికి వచ్చింది.

"మీరు బతికే ఉన్నారని మేనత్త పోయేముందు చెప్పింది. ఒక్కసారైనా రాలేదేం?"

"వచ్చాను తల్లీ. పిలిచాను."

"అబద్ధం. పిలిస్తే నేను పలకనా?" కూతురి కళ్ళల్లో తడి లేదు. "మీకు ఓటు కావాల్సొచ్చింది, నేను కాదు. ఇంత చేసి సాధించారు కదా, వినండి. నేను మా ఆయన చెప్పినవాడికే వేస్తాను. ప్రతిసారీ."

గంటమ్మ చేతిలోని పూలగుత్తి పక్కన పెట్టింది. "వేసేటప్పుడు లోపల ఒక్కదానివే ఉంటావా?" అంది.

"ఒక్కదాన్నే."

"అక్కడ ఆయన నిన్ను చూడలేడుగా?"

బయటి నుంచి భర్త విసుగ్గా పిలిస్తే కూతురు చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ చలికాలం గంటమ్మ పోయింది. లాండ్రీలో పనివాళ్ళకు యజమాని సెలవివ్వలేదు. కూతురికి కబురు అందింది కానీ రాలేదు. టీచరమ్మ, తోడికోడలు ఇద్దరే పాడె వెంట నడిచారు.