మనుమని కొలువు పరీక్షకై మదుర దాక

మా మనుమడు రామసామి చెన్నపట్టణపు ఇంజనీరు పాఠశాలలో చదువు ముగించి, పట్టా చేతబట్టుకొని ఇల్లు చేరి ఏడాది దాటినది. ఆ ఏడాదిలో వాడు వ్రాసిన అర్జీలకు లెక్కలేదు. వచ్చిన ప్రత్యుత్తరములు మాత్రము అన్నియు ఒక్క తీరుననే యుండెను: అనుభవము లేనివానికి తావు లేదు. అనుభవమనునది అంగటిలో దొరకు సరకైనచో మా ఇంటివారు బండికెత్తి తెచ్చియుందురు. వాని పినతండ్రులు, "సదివింది సాలు, మడక పట్టరా" అనుట మొదలుపెట్టిరి. మడక పట్టుట మాకు చిన్నతనము కాదు. నాయకరాజుల దండు వెంట ఈ దేశమునకు వచ్చిన నాటినుండి అవినాశి చుట్టుపట్ల నల్లరేగడియే మాకు అన్నము పెట్టినది. కాని రామసామి పసులకొట్టము గోడపై బొగ్గుతో చెరువుల తూములు గీసి, తుడిచి, మరల గీయుచుండెను. అది చూచినప్పుడెల్ల నా మనస్సు కలగెడిది.

ఇట్లుండగా మదుర నుండి తాఖీదు వచ్చినది. మరామతు శాఖలో ఓవర్సీరు కొలువు ఒకటి ఖాళీగా నున్నదనియు, వచ్చు నెల మొదటి సోమవారము ఉదయము దొరగారి కచ్చేరీలో హాజరు కావలెననియు దానిలో నుండెను. ఇదే కడపటి ప్రయత్నమని పినతండ్రులనిరి. వాడును తలయూపెను.

కొలువు పరీక్షయన నెట్టిదో మా వంశములో ఎరిగినవారు లేరు. ఎరుగని కార్యమును ఎరిగిన కార్యమువలె నడపుట లోకస్వభావము. మాకు తెలిసినది పెండ్లిచూపు. కావున వాని అవ్వ అరటిగెల, టెంకాయలు, తమలపాకులు సర్దినది. పెద్దవాడొకడు మాటాడవలెను గనుక నేను బయలుదేరితిని. మాలో పెద్దల యెదుట చిన్నవాడు నోరు విప్పరాదు. ప్రశ్న వానినే అడిగినను ఉత్తరము పెద్దవాడు చెప్పును. "ఆ పిల్లోడు తాత ముందర నోరెత్తడు" అనుటకంటె గొప్ప పొగడ్త మా పల్లెలో లేదు. రామసామి ఆ పొగడ్తను పసినాటినుండి మోసినవాడు.

పరీక్షకు ఏడు దినముల ముందటి సోమవారము కోడికూతకే బండి కట్టితిమి. బండివాడు మారప్ప మా ఇంట పుట్టి పెరిగినవాడే. మొదటినాటి బస పల్లడము సత్రము. నీరు తియ్యన, నల్లులు మెండు. ఈ దారిన రాదలచినవారు చాప వెంట తెచ్చుకొనుట మేలు. మంగళవారము ప్రొద్దు వాలువేళకు దారాపురము చేరితిమి. అచ్చట అమరావతి ఏరు దాటవలెను. అప్పటికి నీరు చీలమండల లోతుననే యుండినందున ఎడ్లు త్రాగుచు, ఆడుచు దాటినవి. బుధవారము పళనికొండ క్రింద స్వామికి మ్రొక్కి, గురువారము ఒట్టన్‌సత్రములో సజ్జసంకటి తిని, శుక్రవారము దిండుగల్లు కోటబండ నీడకు చేరితిమి. దారి పొడుగున రామసామి బండి వెనుకగా నడచుచు, కనబడిన కాలువనెల్ల వంగి చూచుచుండెను.

"సిన్నయ్య దేనికి అట్ల వంగి వంగి చూస్తాడు? ఏమన్నా పడేసుకొనెనా?" అని మారప్ప నన్నడిగెను.

"చదువు పడేసుకొన్నాడేమో చూచుకొనుచున్నాడు" అంటిని. ముగ్గురమును నవ్వితిమి.

శనివారము మధ్యాహ్నమునకు వాడిపట్టి. అచ్చట మా మాటయే మాటాడు కాపుల ఇంట దిగితిమి. ఇంటి పెద్ద నల్లమ్మవ్వ. ఏబది ఏండ్లుగా ఆ ఇంటి పొయ్యి ఆరనీయని ఇల్లాలు. నేను బావికడ స్నానము చేయుచుండగా, గోడ కావల ఆమెయు రామసామియు మాటాడుకొనుట వినబడినది.

"ఏమి వేలై తంబీ అది, ఏం పని?"

"చెరువులు, కట్టలు చూసుకొనేది అవ్వా."

"దానికి పట్నం పోయి సదవాల్నా? కట్ట తెగితే మా మొగోళ్ళే పోయి మన్ను పోస్తారు. నువ్వు పోయి ఏమి చేస్తావు?"

"తెగినంక మీ మొగోళ్ళు పోతారు. తెగక ముందర నేను పోతాను."

"ఆమా, మాటకారివే. పెండ్లి అయెనా?"

"కొలువు వస్తే అవుతాది. నువ్వే ఒక పిల్లను చూడు. నీ మాదిరి గద్దించేది మాత్రం వద్దు."

అవ్వ పకపక నవ్వినది. నేను చెంబు పట్టుకొని నిలిచిపోతిని. మా ఇంట ఇరువది యేండ్లలో వాని నోట ఇన్ని మాటలు నేను వినియుండలేదు. తడిబట్టతో నేను లోనికి రాగానే వాడు లేచి, తలవంచి, గోడవారగా నిలిచెను. మాట తెగినది. అప్పటికి నాకది వినయముగానే తోచినది.

ఆదివారము మదుర ప్రవేశించి, అమ్మవారి దర్శనము చేసికొని, తూర్పు వీథి సత్రములో దిగితిమి. సోమవారము ప్రొద్దెక్కకమునుపే కచ్చేరీ వసారాలో నుంటిమి. అచ్చట అయిదారుగురు పట్టావంతులు పరీక్ష కెదురుచూచుచుండిరి. ఒకడు పట్టాను విప్పి చూచి చుట్టును. చుట్టి మరల విప్పును. ఒకడు పెదవులు మెదపుచు సూత్రములు వల్లించును. తిరునెల్వేలి వైపువాడు సుందరమనువాడు మాత్రము నిశ్చింతగా స్తంభమున కానుకొని యుండెను. ఇట్టి వసారాలలో అతడు అదివరకే పలుమారులు కూర్చుండినవాడు.

"మొదట ఏమడుగుతారు?" అని రామసామి మెల్లగా నడిగెను.

"ఎక్కడ పని చేసితివని. ఎక్కడా లేదంటే మొగం వాడిపోతాది, వాళ్ళది కాదు, మనది. పని చేసినోనికే పని అంటారు గదా, ఆ మొదటి పని ఇచ్చే మహానుభావుణ్ణి నేను ఇంకా వెదకతానే ఉండాను." అంతట రామసామిని తలనుండి పాదముల దాక చూచి, "కోటు లేదా నీకు? నాది తొడుక్కో. నా వంతు వచ్చేటప్పటికి ఇచ్చేయి. ఈ కోటు ఇప్పటికి ముగ్గురికి కొలువు ఇప్పించింది, నాకు తప్ప" అనెను.

ఆ కోటు చేతులు మా వాని వ్రేళ్ళ దాక వచ్చినవి. బంట్రోతు పేరు పిలిచెను. వాని వెనుక నేను, నా వెనుక అరటిగెలతో మారప్ప లోనికి పోతిమి. దొర నడివయసువాడు, ఎండకు కందిన ముఖము. ప్రక్కన ద్విభాషి నిలిచియుండెను. దొర అరటిగెలను చూచెను, నన్ను చూచెను, నాకు కుర్చీ వేయించెను. అది శుభసూచకమని నేను తలపాగా సవరించుకొంటిని.

చెరువు నిండినప్పుడు మిగులునీరు పొర్లిపోవుటకు కట్టు కలుజును కట్టకంటె పల్లముగా ఏల కట్టుదురని దొర రామసామి నడిగెను. రామసామి నా వంక చూచెను. ఆచారము ననుసరించి నేను గొంతు సవరించుకొని, తటాకనిర్మాణము సప్తసంతానములలో నొకటి యనియు, మా ముత్తాత త్రవ్వించిన దిగుడుబావి నేటికిని తియ్యని నీరిచ్చుచున్నదనియు, పిల్లవాడు బుద్ధిమంతుడనియు సవిస్తరముగా విన్నవించితిని. ద్విభాషి కొంత చెప్పెను, కొంత మ్రింగెను. దొర చిరునవ్వుతో రెండవ ప్రశ్న వేసెను. రామసామి మరల నా వంకనే చూచెను. మూడవదానికిని అంతే.

దొర కలము క్రింద పెట్టి ద్విభాషితో నేమో చెప్పెను. ద్విభాషి నావైపు తిరిగి, "అయ్యా, దొరగారికి కోపం లేదు. ఒక మాట అడగమన్నారు. ప్రతి ప్రశ్నకూ అబ్బాయి మీ మొగం చూస్తున్నాడు. రేపు గాలివానలో కూలీలందరూ కట్ట మీద నిలబడి ఇతని మొగం చూస్తే, ఇతను ఎవరి మొగం చూడాలి?" అనెను.

నేను కుర్చీనుండి లేచితిని. మరునాటి ఉదయము ఊరి వెలుపలి చెరువుగట్టున అందరిని పనిముట్లతో పరీక్షింతుమని, వీనిని గూడ ఒకమారు చూతుమని ద్విభాషి చెప్పి పంపెను. వసారాలో రామసామి కోటు విప్పి సుందరమున కిచ్చెను. సుందరము వాని ముఖము చూచి, కోటు దులిపి తొడుగుకొనెను.

సత్రములో విస్తళ్ళ ముందు కూర్చుంటిమి. "సమాధానము తెలియదా నీకు?" అని అడిగితిని.

"తెలుసు తాతా. మీరు ఉండగా నోరు రాదు."

"అయినచో రేపు నేను రాను."

"మీరు రాకపోతే కాళ్ళు రావు" అని వాడు విస్తరిపై మెతుకులు కలుపుచు అనెను.

మారప్ప ఎడ్లకు గడ్డి వేయుచు మా మాటలు వినుచుండెను. "దీనికి ఇంత యోచన ఎందుకు పెద్దయ్యా? ఇంట్లో కోడండ్లకు చేసే మాదిరి చేయండి" అనెను.

వాని మాటతో నా కన్నులు తెరచికొన్నవి. మా ఇండ్లలో ఒక మర్యాద కలదు. మామ తిన్నెపై నుండగా కోడలు వాకిట తిరుగరాదు, గొంతెత్తి మాటాడరాదు. కాని ఇంటిపని ఆగరాదు గదా. అందుచే మామ వీపు త్రిప్పి గోడవంక కూర్చుండును. వీపు త్రిప్పినవాడు అచ్చట లేనివానితో సమానము. కోడలు నవ్వవచ్చును, పనివారిని కసరవచ్చును. ముగ్గురు కోడండ్లకై నేను ఏండ్ల తరబడి ఆ గోడను చూచినవాడనే. మనుమనికై చూడరాదని ఏ శాస్త్రమునను లేదు.

మంగళవారము ఉదయము చెరువుగట్టున, పరీక్ష జరుగు తావునకు మాట వినబడునంత దూరములో, తాటిమొద్దుపై నీటికి ఎదురుగాను, పరీక్షకు వీపుగాను కూర్చుంటిని. రామసామి వచ్చి నా పాదములంటి పోయెను. పిమ్మట నాకు కనబడినది నీరును, నీటిలో మునిగి తేలు బుడబాతులును మాత్రమే. మిగిలినదెల్ల చెవులకే.

దొర గొంతు వినబడినది. తరువాత నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దములో తిరిగి చూడకుండుటకు నేను పడిన పాటు పగవానికిని వలదు. అంతట మా వాని గొంతు, మొదట సన్నముగా, ఇంగిలీషులో, క్రమముగా లావెక్కి, కూలీలతో అరవములో: "అణ్ణా, కోల నిట్టనిలువుగా పట్టు. ఇంకా ఎడమకు. సరి." ఎవరో ఏదో అనగా అందరు నవ్విరి. ఆ నవ్వులో వాని నవ్వు గుర్తుపట్టితిని. వాడిపట్టి బావికడ విన్నదే. నాకు ఇంగిలీషు రాదు. అయినను "నో" యన నేమో తెలియును. దొర ఒక ప్రశ్న వేసెను. మా వాడు "నో" అనెను. దొర మరల నేమో అనెను. మా వాడు మరల, మునుపటికంటె గట్టిగా, "నో" అనెను. నా కోడండ్లలో నొక్కతెయు నా వీపు వెనుక అంత సాహసము చేసియుండలేదు. కొలువు పోయినదని నిశ్చయించుకొని బుడబాతులను చూచుచుంటిని.

మిట్టమధ్యాహ్నమున కచ్చేరీ వసారాలోనికి ద్విభాషి వచ్చి ఒక్క పేరే చదివెను. "రామసామి. తిరుమంగళం వైపు చెరువులు. ఆరు నెలలు చూస్తారు, నచ్చితే ఖాయం."

సుందరము వాని వీపు చరచి, "నా కోటు లేకనే సాధించినావే. అయితే పాపం దీనిదే" అని కోటు మడిచి చంకన బెట్టెను. దొర కచ్చేరీలో తాకకయే విడిచిన అరటిగెలను బంట్రోతు మాకు తిరిగి యిచ్చియుండగా, దానిని సుందరము చేత బెట్టితిని. మరుసటి వసారాలో తోడివారితో పంచుకొందునని అతడనెను. ఆ యువకునికి మొదటి పని ఇచ్చు మహానుభావుడు త్వరలో ఎదురగుగాక.

ఇరువది దినములలో కొలువున చేరవలెను గనుక ఇంటివారికి చెప్పివచ్చుటకు రామసామియు నాతో బండి ఎక్కెను. "దొరతో నో అంటివేమిరా?" అని సమయనల్లూరు దాటినపిమ్మట అడిగితిని.

వాడు తలవంచుకొనియే చెప్పెను. "కలుజును ఒక మూర లేపితే నీళ్ళు ఎక్కువ నిలుస్తాయి గదా, లేపుదామా అనె. నిలుస్తాయి, కాని ఎగువ పొలాలు మునుగుతాయి, గాలి తోలితే అలలు కట్ట మీదికి ఎక్కుతాయి, అందుకు నో అంటిని. అరమూరైనా లేపుదామా అని మళ్ళీ అడిగె. నో యే అంటిని. కడాకు ఎక్కడ పని చేసితివి అనె. ఎక్కడా లేదు, మొదటిది మీ దగ్గర చేద్దామని వస్తిని అంటిని."

"అప్పుడేమనెను?"

"నవ్వె."

వాడిపట్టిలో నల్లమ్మవ్వ మాకు బెల్లపు పాయసము పోసినది; పిల్లను వెదకుట మొదలుపెట్టితినని వానిని వేధించినది. నేను విస్తరి ముందు కొంచెము ప్రక్కకు తిరిగి కూర్చుంటిని. వారిద్దరును యథేచ్ఛగా వాదించుకొనిరి.

దారాపురము చేరునప్పటికి పగలు నాలుగు గంటలు. అమరావతిలో నీరు పెరిగియున్నది గాని మోకాటికి మించలేదు. ఆవలి యొడ్డున సత్రము కనబడుచున్నది. ఘడియ మంచిది, ప్రొద్దున్నది. దాటుమని మారప్పతో చెప్పితిని. మారప్ప ఎడ్ల నదలించెను.

"వద్దు మారప్పా, ఆపు."

రామసామి బండి దిగి నీటి అంచున నిలిచియుండెను. మేము కాళ్ళు కడుగుకొనునప్పుడు వాడు తడి యిసుకలో గ్రుచ్చిన పుల్ల అప్పటికే కొనదాక మునిగియున్నది. "నీళ్ళు ఎర్రబడినాయి. పైన వాన పడింది. ఈ పొద్దుకు ఇక్కడే ఆగుదాము తాతా" అనెను. చెప్పుచున్నంతసేపును వాడు ఏటినే చూచుచుండెను. ఒక్కమారైనను నా ముఖము వంక చూడలేదు.

మారప్ప పగ్గములు పట్టుకొని ఎవరి మాట వినవలెనో తెలియక మా యిరువురిని మార్చి మార్చి చూచెను. ఎడ్లను విప్పుమంటిని. దీపము పెట్టువేళకు ఆ రేవున బండిచక్రము మునుగునంత నీరు పారినది.

ఈ దారిన పిల్లలను కొలువు పరీక్షకు గొనిపోవు పెద్దలకు నేను చెప్పదగినది స్వల్పము. పల్లడములో చాప మరువకుడు. వాడిపట్టిలో పాయసము కాదనకుడు. పిల్లవాడు మాటాడవలసిన తావు వచ్చినప్పుడు వీపు త్రిప్పి కూర్చుండుడు. చెవులు మాత్రము మూసికొనకుడు. నామట్టుకు, ఆ సాయంకాలము అమరావతి యొడ్డున నేను వీపు త్రిప్పలేదు. ఏటిని చూచుచున్న మనుమని, చీకటి పడువరకు చూచుచు కూర్చుంటిని.