చెవి అందిన రోజు

కొండలను నిలబెట్టి వాటి మీద మంచు కప్పిన దేవునికి, ఈ ఇసుకను కూడా అంతే శ్రద్ధగా పరిచిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన ఒకరికి కొండను, ఒకరికి ఇసుకను ఎందుకు ఇస్తాడని అడిగే హక్కు నాకు లేదు. అయినా నలభై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాను.

ఈ ఎడారి దేశంలో, సాల్మియా అనే ఊళ్ళో నేను వంట చేసే ఇంటి పక్క కొట్లో పోయిన సోమవారం ఒక కొండచీపురు కొన్నాను. ప్లాస్టిక్ తొడుగు విప్పగానే సన్నని నూగు రాలింది, ఎండుగడ్డి వాసన, దాని వెనక ఎక్కడో పొగ వాసన వంటిల్లంతా పట్టేశాయి. చలికాలం చివర మా కొండ చరియల మీద ఆడవాళ్ళందరూ ఇదే గడ్డి కోసి, అడ్డతీగ నారతో కట్టలు కట్టి, నెత్తి మీద మోసుకుంటూ సంతకు దిగేవారు. నూగు జుట్టులో చిక్కి అందరూ ముసలమ్మల్లా కనిపించేవారు. ఆ వాసనలో నిలబడి ఉండగానే చెల్లెలు చిన్నమ్మి ఫోన్ చేసింది. అక్కను అప్పా అనడం మా కొండ అలవాటు.

"అప్పా, ఎగువ మడికి ఒరిస్సావోళ్ళు కాయితం ఇత్తారట. నా పేరు రాయించుకుంటాను. నీకు సమ్మతమేనని సర్వే బాబుకి ఫోన్ల సెప్పాల. శుక్రారం మల్లా వత్తాడు."

సర్వే బాబు ముందుగా ఇచ్చి వెళ్ళిన దరఖాస్తులో ఏముందో తనే ఒడియాలో చదివి వినిపించింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "సూద్దాంలే" అని పెట్టేశాను. ఎగువ మడి అంటే ఊట నీళ్ళు మొదట తాకే మడి, మా అయ్య రాయి మీద రాయి పేర్చి కట్టిన మడి. అయ్య పేరు చెప్పడానికి మాకు మిగిలింది అదొక్కటే.

మా ఊరు సాలూరుకు ఎగువన, ఆంధ్ర తనదనీ ఒడిశా తనదనీ అనే కొండల్లో ఉంది. ఆ తగువు నేను పుట్టకముందే కోర్టుకెక్కింది. ఊరి మొదట్లో ఒకరు తెలుగులో బోర్డు పాతితే, ఇంకొకరు వచ్చి దాన్ని పీకి ఒడియాలో పాతేవారు. మేం పిల్లలం ఆ పీకిన బోర్డును మా కొండవాగు గెడ్డ ఒడ్డున ఏటవాలుగా పెట్టి జారుడుబల్ల చేసుకునేవాళ్ళం. రెండు ప్రభుత్వాల నుంచీ రేషన్ బియ్యం వచ్చేవి, ఒకటి సన్నం, ఒకటి దొడ్డు. నానమ్మ చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, రెంటినీ ఒకే కుండలో పోసి, "పొట్టకి తెలుగేటి, ఒడియా ఏటి" అనేది. కందికొత్తల పండక్కి పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి అడ్డాకుల్లో పోస్తే, వేళ్ళు కాలుతున్నా ఆగకుండా వలుచుకు తినేవాళ్ళం. పనసగింజలు బూడిదలో పగిలే చప్పుడు, చోడి రాగుల అంబలి పులుపు, మంచులో అమ్మ గొంతు వినిపించి మనిషి కనిపించకపోవడం, అన్నీ నా దగ్గర ఆరేళ్ళ వరకే ఉన్నాయి. ఆ తరువాతివన్నీ చిన్నమ్మివి.

ఎందుకంటే మా ఊళ్ళో ఒక కట్టు ఉండేది. ఇంట్లో ఒక బిడ్డను తెలుగు బడికి, ఒక బిడ్డను ఒడియా బడికి పంపేవారు. రేపు ఎవరు గెలిచినా కాగితం చదివే మనిషి ఇంట్లో ఉండాలని. తెలుగు చదువంటే దిగువన సాలూరులో హాస్టల్. ఒడియా బడి మా ఊరి పాకలోనే పెట్టారు. నేను దిగాను, అది ఉండిపోయింది. సెలవులకు వెళ్తే అమ్మ పక్కన పడుకునే చోటు దానిదే, నానమ్మ చుట్ట ముట్టించే పని దానిదే. నాకు చుట్టాలకిచ్చినట్టు కొత్త చాప పరిచేవారు. ఆ చాప మీద పడుకుని దాని జడను చూస్తూ ఎన్ని రాత్రులు పళ్ళు కొరికానో ప్రభువుకే తెలుసు.

హాస్టల్ పక్క మందిరంలోనే నేను వాక్యం నేర్చుకున్నాను. అందుకే ఇక్కడి సహవాసంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా, "మా అయ్య నన్ను కొండ దింపేశాడు, ప్రభువు నన్ను ఎత్తుకున్నాడు" అని చెబుతూ వచ్చాను. తోడబుట్టినవాణ్ణి చూసి ఓర్వలేని అన్నల కథలు పాస్టరుగారు చదివినప్పుడు మాత్రం తల ఎత్తలేదు. ఆ సాక్ష్యంలో మొదటి సగం అబద్ధం.

జరిగింది ఇది. తెలుగు మాస్టారు మా ఊరెక్కి, హాస్టల్లో ఒక్క చోటే ఉందన్నారు. పుట్టిన తేదీలు ఎవరికీ తెలియవు గనుక, కుడిచేయి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకున్న పిల్లను తీసుకుంటామన్నారు. ఆయన చంకలో ఎర్రటి చెక్క అంచున్న పలక ఉంది. చిన్నమ్మి నాకంటే ఏడాది చిన్నదైనా చేతులు పొడవు. ముందు అదే నిలబడింది, వేళ్ళు చెవికి తగిలాయి. ఆ పలక దానిదైపోతుందని నాకు కడుపు మండింది. వెనక నుంచి దాని మోచేయి పట్టి కిందికి లాగాను. మాస్టారు తిరిగి చూసేసరికి అందలేదు. నేను మెడ వంచి అందుకున్నాను. సాయంత్రం దాకా ఆ పలక దాని కంటపడేలా పట్టుకుని తిరిగాను. మర్నాడు పలకతోపాటు నన్నూ దింపారు.

ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం ఆరాధనలో పాట పాడలేకపోయాను. ముగియగానే హాలు బయట మెట్ల మీద కూర్చుని దానికి ఫోన్ చేసి, సర్వే బాబుతో మాట్లాడక ముందే ఈ సంగతి చెప్పాను.

"ఆ మోసెయ్యి నాదే కదప్పా. నాకు తెలవదేటి?"

"మరి అప్పుడే సెప్పలేదేమే?"

"సెప్తే ఆ పలక నాకిచ్చి నన్ను దింపీసేవోరు. నాను పిచ్చిదాన్నా?" అని నవ్వింది. "సర్లే, బాబు నిలబడున్నాడు. సెప్తావా, ఎల్లిపొమ్మంతావా?"

ఐదేళ్ళ పిల్లకు తెలిసింది నాకు తెలియలేదు. "బాబూ, మా సెల్లి పేరే రాయండి" అన్నాను. రెండోసారి అడిగితే రెండోసారీ అన్నాను.

నానమ్మ లేదు, అమ్మ లేదు. కుండలో ఇప్పుడు ఒకే రకం బియ్యమట. మా ఊరికి సిమెంటు రోడ్డు పడింది, సెల్ టవరు వచ్చింది, కందికొత్తలకు అడ్డాకులు కోసే తీరిక ఎవరికీ లేదట. రెండు రాష్ట్రాలు నాదంటే నాదనే ఊళ్ళో నాది అనడానికి నాకు ఒక గట్టు కూడా మిగలలేదు. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికవుతుందని మందిరంలో ఎందరికో చెప్పాను. నాకు కాలేదు. నిన్న చిన్నమ్మి ఎగువ మడి ఫోటో పంపింది. పచ్చగా ఉంది, గట్టు మీద దాని మనవరాలు నిలబడి ఉంది. సగం చూసి ఫోన్ బోర్లించాను.

ఇది చదువుతున్న మీరు నాతోపాటు ఒక్క నిమిషం మోకరించండి. ఆ కొండలు ఎవరివో తేలాలని కాదు, అది పెద్దలు చూసుకుంటారు. ఆ ఫోటోను నేను చివరిదాకా చూడగలగాలని, చూసి "పంట బాగుందే" అని దానికి నిజంగా అనగలగాలని ప్రార్థించండి. ఆమేన్.