బాడిసకి నేను తొడిగిన పిడి

దుంగలు చెక్కే ఆ బాడిసకున్న పిడి ఆఫ్రికాది కాదు. రాయగడలో మా హార్డ్‌వేర్ కొట్లో అమ్మే పికాసు పిడి. దాన్ని కోసి, కర్ర ఏదో తెలియకుండా వార్నిషు దట్టంగా పూసి తొడిగింది నేనే. ఈ మాట చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

అంతకుముందు రెండేళ్లు ఘానాలో ఒక కలప గోదాములో పనిచేశాను. పక్కనే ఒక ముసలాయన ఒకే దుంగలోంచి పీటలు చెక్కేవాడు. ఆయన బాడిస పిడిని ఆయన గురువు చెట్టుకొమ్మ వంపులోంచి తీశాడట. ఇద్దరి అరచేతులకీ అరిగి నల్లగా మెరిసేది. కొత్త దుంగ మొదలెట్టే ముందు పనిముట్ల మీద నాలుగు చుక్కల సారా పోసి, వాటితో కబుర్లు చెప్పేవాడు. నాకు నవ్వొచ్చింది. మేమూ విశ్వకర్మ పూజనాడు ఉలికి బొట్టు పెడతాం కదా అని గుర్తొచ్చి ఇంకా నవ్వొచ్చింది. ఆ సంగతి చెబితే ఆయన చప్పట్లు కొట్టేశాడు! నేను తిరిగొచ్చే రోజు ఆ బాడిసే నా చేతిలో పెట్టి, "మీ ఊరి వడ్రంగికివ్వు. ఈ పిడి పట్టుకుంటే చేతికి పని అదే తెలుస్తుంది" అన్నాడు.

మా ఊరి వడ్రంగి అంటే మా పక్కింటి బావ. వరసకి ఏమీ కాడు, పిలుపుకి బావ. కోరాపుట్ నుంచి కూడా ద్వారబంధాల పనికి ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. అలాంటివాడికి సారా కంపు కొట్టే జిడ్డు కర్ర ఎలా ఇవ్వను? కొట్టువాణ్ణి కదా, నాకు సరుకు తళతళలాడాలి. పాత పిడి వేణ్ణీళ్ల పొయ్యిలో పెట్టేశాను. కొత్త పిడితో బాడిస బావకిచ్చి, ముసలాయన పిడి గురించి అన్న మాట కూడా చెప్పాను.

కాశీపూర్ నుంచి ఎవరొచ్చినా బావ, "సూడండి, ఆఫ్రికా కర్ర!" అని చూపించేవాడు. నేను తలూపేవాణ్ణి.

మొన్న విశ్వకర్మ పూజకి బావ షెడ్డులో సౌండు బాక్సులు అదిరిపోతున్నాయి. బూందీ తింటుంటే ముసలాయన దగ్గర్నుంచి వీడియో కాల్. బావ ఫోన్ లాక్కున్నాడు. ఒకరి మాట ఒకరికి రాదు. ఈయన ఉలి చూపిస్తే ఆయన కత్తి చూపిస్తాడు. ఈయన రంపం ఊపితే ఆయన కర్రసుత్తి ఊపుతాడు. ఇద్దరివీ ఒకటే కేకలు! నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను.

బావ ఉత్సాహంగా బొట్టు పెట్టిన బాడిస తెచ్చి ఫోన్ ముందు పెట్టాడు. ముసలాయన మొహం దగ్గరికి తెచ్చి చూశాడు.

"ఈ పిడి ఎవరిది?" అని ఇంగ్లీషులో నన్ను అడిగాడు.

"ఏటంతన్నాడ్రా?" అన్నాడు బావ.

"బాగుందంటన్నాడు బావా."

"బాగుంటాది మరి! నా సెయ్యే దానికి సాల్లేదని సెప్పు. పట్టుకుంటే బొబ్బలే. ఇన్నేళ్లయినా పట్టుబళ్లేదు. పనోడినని నీలిగేను గానీ, మీ దగ్గర నేను సున్నా గురువుగారూ అని సెప్పు."

నవ్వుతూనే అన్నాడు. కానీ అరచెయ్యి చూసుకుంటూ అన్నాడు.

పాట ఆపించాను. ముందు ముసలాయనకి ఇంగ్లీషులో జరిగిందంతా చెప్పి, క్షమించమన్నాను. తర్వాత చేతిలో బూందీతోనే బావ వైపు తిరిగాను.

"బావా, నీ సేతిలో ఏ లోపమూ లేదు. అది మా కొట్టు పికాసు పిడి. అసలుది నేనే కాల్చేసేను. నా గొప్ప కోసం సెప్పకుండా దాసేను. నువ్వు ఇన్నేళ్లూ నీ సేతిని అనుమానించుకున్నావంటే ఆ తప్పు నాది. నన్ను సెమించు బావా."